నీళ్ల కోసం దేశాలు యుద్ధానికి దిగుతాయా?

పాలకొండ కుర్రోడు:
పహల్గాం దాడి తర్వాత, 2025 ఏప్రిల్‌లో, పాకిస్తాన్‌తో నదీజలాలు పంచుకునే సింధు ఒప్పందాన్ని మన దేశం పక్కన పెట్టేసింది. అటు నైలు మీద ఇథియోపియా డ్యాం కట్టేసరికి ఈజిప్టు ఎన్నేళ్లుగానో మండిపడుతోంది. ఇకమీదట యుద్ధాలన్నీ నీళ్ల కోసమేనని నా వాదన. కాదంటారా?

వంశధార వాసి:
కాదనే అంటాను తమ్ముడూ. 1960లో సంతకాలైన ఆ ఒప్పందం 1965, 1971, కార్గిల్ యుద్ధాల్లో కూడా చెక్కుచెదరలేదు. 2025లోనూ గొడవ వేరే చోట మొదలై నీళ్ల దాకా వచ్చింది. ఈజిప్టు ఎంత అరిచినా ఇథియోపియా 2025 సెప్టెంబరులో డ్యాం ప్రారంభించేసింది, యుద్ధమేమీ రాలేదు.

నా భయమల్లా నాన్చుడు గురించే. మన వంశధార నది సంగతి చూడు. ఒడిశా, మన ఆంధ్రా చెరి సగం అని 1962లోనే అనుకున్నారు. 2010లో ట్రిబ్యునల్ వేశారు. 2017లో అది వంశధార మీద నేరడి బ్యారేజీ కట్టుకోమంది. కావలసిన ఒడిశా భూమి 106 ఎకరాలు. అయినా నేరడి కాగితం దాటలేదు. వరదొస్తే కింద ఉన్న గొట్టా బ్యారేజీ గేట్లెత్తి సముద్రానికి వదిలేస్తాం. ఆ తర్వాత టెక్కలి వైపు శివారు రైతులు రాత్రిళ్లు టార్చిలైట్లతో కాలవ గట్టు మీద కాపలా. పై ఊరోళ్లు కాలవకి అడ్డంగా ఇసక బస్తాలు వేస్తారు, వీళ్లు లాగేస్తారు. కొట్లాట చూడాలంటే అక్కడ చూడు, ఢిల్లీలో కాదు.

బొబ్బిలి మాస్టారు:
బాగుంది గానీ, రాష్ట్రాలకు పైన సుప్రీంకోర్టు ఉంది. దేశాలకు పెద్దమనిషి ఎవరండీ? బంగ్లాదేశ్‌తో తీస్తా నది ఒప్పందం 2011లో ఆగింది, ఇంకా తేలలేదు.

వంశధార వాసి:
మాస్టారూ, సుప్రీంకోర్టు ఉండీ నేరడి కాలేదు. జంఝావతి ప్రాజెక్టులోనూ ఒడిశా ముంపు పేచీ తెగక రబ్బరు డ్యాంతో సరిపెట్టుకున్నాం కదా (మీ వైపు సంగతి మీకు నేను చెప్పడమేంటి లెండి). పెద్దమనిషి కన్నా ముందు ఇద్దరూ నమ్మే లెక్క ఉండాలి. బెంగాల్‌లోని ఫరక్కా బ్యారేజీ దగ్గర జనవరి నుంచి మే దాకా పదేసి రోజులకు వాటా కట్టి బంగ్లాదేశ్‌తో గంగ నీళ్లు పంచుకుంటున్నారు. 1996లో 30 ఏళ్లకు రాసుకున్న ఒప్పందమది, 2026 డిసెంబరుతో గడువు తీరుతుంది. సింధు ఒప్పందం ప్రకారం రెండు దేశాల కమిషనర్లు కూడా ఏటా కలవాలి, లెక్కలు ఇచ్చిపుచ్చుకోవాలి. ఆ మాటామంతీ ఆగడమే నాకు టెన్షన్. పై వాడు గేటు ఎప్పుడు ఎత్తుతాడో తెలియకపోతే కింద వాడు నారు ఎప్పుడు పోసుకోవాలి?

పాలకొండ కుర్రోడు:
సరే అన్నా, యుద్ధం మాట వెనక్కి తీసుకోను గానీ, నేరడి మీద మాత్రం మీతోనే ఉన్నాను.