టీములు పెట్టాక కూడా గడ్డి కోసే మోవర్ నేనే తోస్తున్నాను. ఓనర్ పని అసలేంటి?

గరికపోచ:

అందరికీ నమస్తే. నాది లాన్ మెయింటెనెన్స్ బిజినెస్. ఒక్కడినే మొదలుపెట్టాను, ఇప్పుడు రెండు టీములున్నాయి. ఒక్కో టీముకి ఒక మేస్త్రీ, ఇద్దరు కుర్రాళ్లు. పనికి లోటు లేదు. లోటల్లా నా నిద్రకే.

పొద్దున ఏదో ఒక టీముతో బయల్దేరి మధ్యాహ్నం దాకా నేనూ గడ్డి కోస్తాను. ఫోన్ మోగితే మెషిన్ ఆపాలి, ఆపకపోతే వచ్చే కస్టమర్ ఇంకొకరి దగ్గరికి పోతాడు. కొటేషన్లు, బిల్లులు, రేపటి రూటు అన్నీ రాత్రికి. పోనీలే అని కొన్నాళ్లు సైటుకి వెళ్లడం మానేస్తే వెంటనే కంప్లైంట్లు. ఒకచోట అంచులు కొట్టలేదని, ఇంకోచోట గేటు తీసి వదిలేశారని. "మీరు వచ్చినప్పుడు ఇలా ఉండేది కాదండీ" అని ఒక మాట కూడా.

మావాళ్లు చెడ్డవాళ్లేం కాదు. నేనుంటే ప్రతిదీ నన్నే అడుగుతారు. "అన్నా, హైట్ ఎంత పెట్టమంటావ్? అన్నా, ఈ మూల కూడా కొట్టాలా?" నేను లేకపోతే ఎవర్నీ అడగరు, తోచింది చేసేస్తారు.

ఇంకో సంగతి, చెప్పుకోవడానికి కాస్త మొహమాటంగానే ఉంది. వాళ్లు ఎండలో చెమటోడుస్తుంటే నేను ఆఫీసులో కూర్చుంటే, జీతాలిచ్చి కాలు మీద కాలేసుకున్నాడని అనుకుంటారేమో అని లోపల ఒకటే పీకుడు. ఇంతకీ ఓనర్ సైటులో ఉండాలా, ఉండకూడదా? రోజంతా ఏం చేయాలి?

సానరాయి:

సైటుకి వెళ్లండి. మోవర్ మాత్రం ముట్టుకోకండి.

మీ పోస్టులో అసలు సంగతి ఆ "హైట్ ఎంత పెట్టమంటావ్" దగ్గరే ఉంది. మేస్త్రీ పక్కనే ఉండగా కుర్రాడు మిమ్మల్ని అడిగాడంటే, మీరున్నంతసేపూ ఆ మేస్త్రీ ఇంకో కుర్రాడే. మీరు రాని రోజున అతను ఉన్నట్టుండి పెద్దరికం చూపించాలంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? అంచులు కొట్టకపోవడం బద్ధకమని నేననుకోను. "అంచులు కొట్టాకే బండెక్కుదాం" అని చెప్పే మనిషి అక్కడ లేడు, అంతే. ఈసారి ఎవరైనా అడిగితే "మేస్త్రీని అడుగు" అనండి. అతను చెప్పింది మీకు నచ్చకపోయినా అప్పటికి నోరు మెదపకండి. తర్వాత అతనితో విడిగా మాట్లాడుకోవచ్చు.

నా సంగతి చెప్తాను. పొద్దున బండ్లు బయల్దేరే ముందు యార్డులో ఉంటాను. సాన పట్టిన బ్లేడ్లు ఎక్కాయా, స్పేర్ బెల్టు ఉందా, అంచులు కొట్టే టూ-స్ట్రోక్ ట్రిమ్మర్లకి ఆయిల్ కలిపిన పెట్రోలు ఏ డబ్బాలో ఉంది, ఉత్త పెట్రోలు ఏ డబ్బాలో ఉంది. ఆ రెండు డబ్బాలూ మా దగ్గర వేర్వేరు రంగులు. ఉత్త పెట్రోలు ట్రిమ్మర్‌లో పోశారో, పిస్టన్ పట్టేసి ఇంజిన్ మూలన పడుతుంది. బండ్లు వెళ్లిపోయాక ఫోన్లు, కొటేషన్లు. రాత్రికి ఏమీ మిగలదు.

ఆ తర్వాత నిన్న కోసిన చోట్లకి వెళ్తాను. ఇవాళ టీము ఎక్కడుందో అక్కడికి కాదు. కోసిన గంటకి ఏ లాన్ అయినా చక్కగానే కనిపిస్తుంది. బ్లేడు మొద్దుబారిన సంగతి మర్నాడో మూడోనాడో బయటపడుతుంది. దూరం నుంచి చూస్తే పచ్చదనం మీద పల్చగా బూడిద చల్లినట్టుంటుంది. వంగి ఒక పోచ తుంచి చూడండి. కొస నున్నగా తెగి ఉండదు, చింపినట్టు పీచులు వేలాడుతుంటాయి. ఆ పీచులే ఎండి తెల్లబడతాయి. అలాగే జీరో-టర్న్ మెషిన్‌ని, అంటే ఉన్నచోటే తిరగగలిగే మోవర్‌ని, ఒక చక్రం కదలకుండా ఆపి గిర్రున తిప్పితే ఆ చక్రం కింద గడ్డి లేచిపోయి మట్టి బయటపడుతుంది. అది చూస్తే ఎవరు తోలారో నాకు చెప్పక్కర్లేదు.

ఇంకోటి. ఒక చాలు ఎత్తుగా, పక్క చాలు పల్లంగా తెగి ఉంటే మనిషిని ఒక మాట అనేముందు టైర్లలో గాలి చూస్తాను. ఒక పక్క గాలి తగ్గితే డెక్, అంటే కింద బ్లేడ్లుండే భాగం, ఆ పక్కకి ఒరుగుతుంది. కుర్రాడు ఎంత జాగ్రత్తగా తోలినా చేసేదేమీ లేదు. ఇలాంటివి ఫోటో తీసి మేస్త్రీకి ఒక్కడికే పంపుతాను. గ్రూపులో పెడితే పని బాగుపడదు సరికదా, అతని పరువు పోతుంది.

కొత్త పని చూడ్డానికి వెళ్తే లాన్ కంటే ముందు గేటు వెడల్పు కొలుస్తాను. పెద్ద మోవర్ లోపలికి పట్టకపోతే చిన్న మెషిన్‌తో కోయాలి, టైము ఎక్కడికో పోతుంది. అది లెక్కలో వేసుకోకుండా మనం కొటేషన్ ఇచ్చేస్తే ఆ భారం మోసేది టీము. ఆ రోజు మిగతా ఇళ్లన్నీ పరుగు మీద కోస్తారు. కంప్లైంట్ ఆ మిగతా ఇళ్ల నుంచి వస్తుంది. మనమేమో కుర్రాళ్లని తిడతాం.

పాత నిక్కరు:

నేను ఓనర్‌ని కాదండీ, వేరే కంపెనీలో మేస్త్రీని. ఇటువైపు నుంచి కూడా ఒక మాట వినండి.

ఓనర్ ఎండలో మాతో చెమటోడ్చాలని మాలో ఎవరూ కోరుకోవడం లేదు. నిజం చెప్పాలంటే ఆయన వచ్చిన రోజే మాకు టెన్షన్. నేను అంచు కొట్టుకుంటూ పోతుంటే వెనకాల ఆయన ట్రిమ్మర్ తీసుకుని అదే అంచు మళ్లీ కొట్టుకుంటూ వస్తాడు. నోటితో ఏమీ అనడు. అనకపోవడమే పెద్ద తిట్టు. కుర్రాళ్లందరూ చూస్తుంటారు కదా.

మాకు ఆయన కావాల్సింది కస్టమర్ దగ్గర. వానలు పడ్డాక గడ్డి ఆగదు, వారానికొకసారి వెళ్తే ఏపుగా పెరిగిపోయి ఉంటుంది. ఒక కోతలో మూడో వంతు మించి తీయకూడదు. 9 సెంటీమీటర్లుంటే 6 దగ్గర ఆపాలి. అంతకంటే పెరిగిపోయి ఉంటే హైట్ పెంచి ఒకసారి, కొన్ని రోజులాగి ఇంకోసారి కోయాలి. కస్టమర్‌కి ఇది నచ్చదు. "ఇంకా పొట్టిగా కొట్టేయండి, మళ్లీ మళ్లీ రానక్కర్లేదు" అంటాడు. మా ఓనర్ ఫోన్‌లో "సరేనండీ" అంటాడు. మేం కొట్టేస్తాం. ఆకు పోయి కింద ఉన్న పాలిపోయిన కాడలు బయటపడతాయి, లాన్ అంతా పసుపు రంగు. మళ్లీ ఫోన్, "మీవాళ్లు గడ్డి మాడ్చేశారు" అని. ఆ "సరేనండీ" ఎవరికీ గుర్తుండదు!

ఆ చోట "కుదరదండీ" అనే అధికారం నాకు లేదు, ఆయనకుంది. ఆయన అక్కడ ఆ ఒక్క మాట అంటే చాలు, అంచుల సంగతి నేను చూసుకుంటాను.

చప్పుడు తగలకుండా చెవులకి పెట్టుకునే మఫ్‌ల సంగతీ ఇంతే. 85 డెసిబెల్స్ దాటిన చప్పుడులో రోజంతా ఉంటే చెవులు దెబ్బతింటాయి, మోవర్లు, చెత్త ఊదే బ్లోయర్లు చాలావరకు ఆ పైనే. మాకు కొనిచ్చారు, సంతోషం. ఆయన మాత్రం పెట్టుకోడు. ఆయన్ని చూసి కుర్రాళ్లూ తీసి బండిలో పడేస్తారు, నేను చెప్తే నవ్వుతారు.

తూనికరాయి:

సానరాయి గారు చెప్పినదాంట్లో "మోవర్ ముట్టుకోకండి" అన్నది నేను ఒప్పుకోను. ఎవరైనా సెలవు పెడితే ఇంకెవరు వెళ్తారు? నేనే వెళ్తాను. కాకపోతే ఆ రోజు మేస్త్రీ ఏ పని చెప్తే అది చేస్తాను. బ్లోయర్ పట్టుకోమంటే బ్లోయరే. మొదట్లో అతనికి నాకు చెప్పాలంటే నోరు రాలేదు, ఇప్పుడు బాగానే పురమాయిస్తున్నాడు. ఒక్కోసారి మరీ బాగా! దానివల్ల ఏ ఇంట్లో ఎంతసేపు పడుతుందో నాకు కాగితం మీద కాకుండా ఒంటికి తెలుస్తుంది. రూటు వేసేటప్పుడు అదే అక్కరకొస్తుంది.

కలుపు మందు మాత్రం వేరే సంగతి. దానికి చాలా చోట్ల లైసెన్స్ కావాలి. గాలికి మందు పక్కింటి పూలమొక్కల మీద పడితే జవాబు చెప్పాల్సింది కంపెనీ. ఎంత మందు కలపాలి, ఈ గాలిలో కొట్టొచ్చా లేదా అన్నది నేను చూడందే మందు కొట్టే పంపు మా బండిలోంచి దిగదు. ఎరువు చల్లే స్ప్రెడర్ సెట్టింగ్ కూడా నేనే చూస్తాను. దాని అడుగున ఎరువు జారే గేటు మూయకుండా స్ప్రెడర్ ఆపితే ఎరువు ఒకేచోట కుప్పగా పడి అక్కడ గడ్డి మాడిపోతుంది.

గరికపోచ:

అందరికీ థాంక్స్. పాత నిక్కరు గారూ, మీ ఓనర్ మా ఇంట్లోనే ఉంటాడేమో అనిపించింది! గేటు వెడల్పు నేనెప్పుడూ కొలవలేదు, రేపటి నుంచి టేపు బండిలోనే.

ఒక్క సందేహం. పాత కస్టమర్లందరి దగ్గరా నా నంబరే ఉంది. గేటు తాళం దగ్గర్నుంచి ప్రతిదానికీ నాకే ఫోన్. దీన్ని మేస్త్రీల మీదికి మళ్లించేదెలా?

పాత నిక్కరు:

నంబరు మెసేజ్ పెట్టి ఊరుకోకండి, పనిచేయదు. ఒకసారి మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లండి. "ఇకనుంచి మీ లాన్ చూసుకునేది ఈయనే, తాళాలూ టైమూ ఈయనతో మాట్లాడుకోండి, డబ్బుల సంగతీ కంప్లైంట్లూ నాతో" అని అతని ముందే చెప్పండి. తర్వాత వాళ్లు తాళం కోసం మీకు ఫోన్ చేస్తే "మేస్త్రీ గారిని కనుక్కోండి" అని పెట్టేయండి. మీరు ఒక్కసారి "నేను చూస్తాలెండి" అన్నారంటే మళ్లీ మొదటికే. అతనికి కంపెనీ ఫోన్ ఒకటి ఇవ్వండి, సొంత నంబరు ఇస్తే రాత్రి పదింటికి కూడా చేస్తారు.