గేటు రిజిస్టర్ చూపించి లైబ్రరీ వల్ల పిల్లలకి ఏం ఒరిగిందో చెప్పగలమా?

కోనసీమ లైబ్రేరియన్:
అందరికీ నమస్కారమండి. అమలాపురం దగ్గర డిగ్రీ కాలేజీలో పనిచేస్తున్నాను. కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ల కోసం ఫైళ్లు సర్దుతున్నాం, అందులో లైబ్రరీ భాగానికి పుస్తకాలెన్ని, ఎన్-లిస్ట్ (ఆన్‌లైన్‌లో పుస్తకాలూ జర్నల్సూ చదువుకునే సదుపాయం) ఉందా, రోజుకి ఎంతమంది వస్తున్నారు అన్నీ రాసేసేను. నిన్న ప్రిన్సిపాల్ గారు చూసి "బానే ఉందమ్మా, మరి దీనివల్ల పిల్లలకి ఏం ఒరిగిందో ఎక్కడుంది" అన్నారు. సమాధానం చెప్పలేకపోయేనండి, రాత్రి నిద్ర కూడా పట్టలేదు. గేటు రిజిస్టర్ తీస్తే పైన ఒకడి సంతకం, కింద ఏడుగురివి డిట్టో గీతలు, టైమ్ దగ్గర అందరికీ 11.00. కోహాలో, అదే మా లైబ్రరీ సాఫ్ట్‌వేర్లో, మూడేళ్ల ఇష్యూ డేటా మాత్రం శుభ్రంగా ఉంది. దాన్ని సెమిస్టర్ మార్కులతో కలిపి చూపిస్తే సరిపోద్దా? ఎవరైనా చేసుంటే చెప్పండి.

భీమవరం బుల్లోడు:
మేడమ్, మేం ఆ పని చేసేం. పుస్తకాలు ఎక్కువ తీసుకెళ్లినోళ్లకి మార్కులూ ఎక్కువే వచ్చినట్టు తేలింది, సంబరంగా చార్ట్ వేసేస్తే మా స్టాటిస్టిక్స్ మాస్టారు "బాగా చదివేవాళ్లే పుస్తకాలు పట్టుకెళ్తారు కదయ్యా, మార్కులు లైబ్రరీ తెచ్చిందని ఎలా అంటావు" అన్నారు, అక్కడితో ఆగిపోయేం. ఇంగ్లండ్‌లో హడర్స్‌ఫీల్డ్ యూనివర్సిటీ వాళ్లు 2011లో ఇంకో ఏడు యూనివర్సిటీలతో కలిసి ఇదే చూసేరు, పుస్తకాల ఇష్యూకీ ఈ-రిసోర్సుల వాడకానికీ డిగ్రీ ఫలితంతో సంబంధం కనబడింది, లైబ్రరీలోకి ఎన్నిసార్లు వచ్చేరన్న లెక్కతో మాత్రం అంత కనబడలేదు. అది కూడా సంబంధమే, కారణమని రుజువు కాదు. మీరైతే ఇంటర్ మార్కులు దగ్గరదగ్గరగా ఉన్న పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూడండి, కొంచెం నమ్మొచ్చు. పేర్లూ రోల్ నంబర్లూ తీసేసేకే ఎవరికైనా ఇవ్వండి, ఏ పిల్ల ఏ పుస్తకం చదివిందో బయటికి పోకూడదు.

రాజమండ్రి రిటైర్డ్ మాస్టారు:
అమ్మాయ్, మార్కుల జోలికి తర్వాత వెళ్దువుగాని. ముందు కోహాలో రిపోర్ట్ తియ్యి, ఏడాది మొత్తంలో ఒక్క పుస్తకం కూడా తీసుకోని పిల్లలెవరు, ఏ ఊరు వాళ్లు అని. నేను చేసినప్పుడు చేత్తో లెక్కపెట్టుకున్నాను, ఆ జాబితాలో సగానికి పైగా గోదారి మధ్య లంకల పిల్లలే. మా ఇష్యూ కౌంటరు మూడున్నరకి తెరిచేవాళ్లం, వాళ్లేమో నాలుగింటికి పంటు, అదే ఏరు దాటించే పడవ, అందుకోవాలి, ఆ పిల్లలు క్లాసులోంచి తిన్నగా రేవుకే పరిగెత్తేవారు. కౌంటరు భోజనం బెల్లుకి మార్చేం, తర్వాతి సెమిస్టర్లో ఆ పేర్లే ఇష్యూ రిజిస్టర్లో ఒక్కొక్కటీ కనబడ్డాయి. అది లైబ్రరీ చేసిన మేలు, ధైర్యంగా రాసుకోవచ్చు. ఇంకోటి, పిల్లలు అడిగి దొరక్క వెళ్లిపోయిన పుస్తకాలకి ఒక నోటుబుక్కు పెట్టు, అవి ఏ సాఫ్ట్‌వేర్లోనూ ఎక్కవు. చదివేవాడి టైము పోనివ్వకు అని మన లైబ్రరీ శాస్త్రంలో పెద్దాయన రంగనాథన్ గారు 1931లోనే సూత్రం రాసేరు, మనం ఇప్పటికీ వచ్చినోళ్లనే లెక్కపెడుతున్నాం. ఆగస్టు లెక్క తగ్గితే కంగారు పడకు, గోదారి ఎప్పుడు పొంగిందో పక్కన రాసి పెట్టు.

లంక పిల్ల:
మాస్టారు చెప్పింది నిజమండి, కానీ నేను మూడేళ్లూ పుస్తకం తీసుకోకపోవడానికి కారణం టైము కాదు. వరదొస్తే మా ఇంట్లో సామాన్లన్నీ అటక మీదకి ఎక్కించేస్తాం, కాలేజీ పుస్తకం తడిస్తే డబ్బు కట్టమంటారని మా అమ్మ వద్దనేది. లైబ్రరీలోనే కూర్చుని రాసుకునేదాన్ని, ఫస్ట్ క్లాస్ వచ్చింది. మీ కంప్యూటర్లో నా పేరు దగ్గర సున్నాయే ఉంటాది. ఆ సున్నా ఉన్నోళ్లని పిలిచి ఎందుకని అడగండి మేడమ్.

కోనసీమ లైబ్రేరియన్:
పొద్దున్నే రిపోర్ట్ తీసేనండి, బీఏ మూడో ఏడాదిలోనే సున్నాలు పేజీ నిండేయి. సోమవారం నుంచి రోజుకి నలుగురైదుగురిని పిలిచి మాట్లాడతాను. తడిసిన పుస్తకానికి డబ్బు కట్టించుకోవద్దని ప్రిన్సిపాల్ గారికి ఇవాళే లెటర్ పెట్టేను.