మనాలి చలికి జాకెట్లు అద్దెకు తెచ్చుకోవాలా, కొనుక్కోవాలా? ఐదుగురం, ఏడు రోజులు

మారతహళ్లి_అనంతపురం

అందరికీ నమస్కారం. డిసెంబరు 24న బెంగళూరు నుంచి మనాలి బయల్దేరుతున్నాం. నేను, నా భార్య, 9 ఏళ్ల పాప, 5 ఏళ్ల బాబు, మా అమ్మ. నాన్న మోకాళ్ల నొప్పులతో రానన్నారు. అమ్మకు 62 ఏళ్లు. ఆమె చూసిన పెద్ద చలి అంటే ధనుర్మాసంలో తిరుమల క్యూలో తెల్లవారుజామున నిలబడ్డదే. మంచును చేత్తో ముట్టుకోవాలని ఆమె కోరిక. ఈ ప్రయాణమే అందుకోసం.

వారం రోజులుగా ఇంట్లో ఒకటే వాదన. ఇక్కడ అద్దెకిచ్చే షాపులో అడిగాను. జాకెట్, స్నో ప్యాంటు, బూట్లు, గ్లవ్స్ కలిపి ఏడు రోజులకు పెద్దవాళ్లకు 2,400, పిల్లలకు 1,800 చెప్పారు. మొత్తం 10,800. డిపాజిట్ 15,000 వేరే. ఇవే డెకాథ్లాన్‌లో కొంటే నా లెక్క 27,500 దాకా వచ్చింది. ఊరూపేరూ తెలియని వాళ్లు వేసుకుని విడిచినవి పిల్లలకు తొడగనని నా భార్య అంటోంది. 15 డిగ్రీలకే మంకీ క్యాపు తీసే ఊళ్లో ఆ జాకెట్లు మళ్లీ ఎప్పుడు వేసుకుంటాం అని నేను. "ఎందుకురా అంత ఖర్చు, ఇంట్లో శాలువాలు ఉన్నాయి కదా" అని అమ్మ. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

ట్రెక్కు_పిచ్చి

కొనండి అన్నా. నేను మొదటిసారి కేదార్‌కంఠ వెళ్లినప్పుడు బెంగళూరులోనే జాకెట్ అద్దెకు తీసుకున్నాను. అది 3,800 మీటర్ల శిఖరం. పైకెక్కాలంటే రాత్రి రెండున్నరకు టెంటులోంచి బయటికి రావాలి. సరిగ్గా అప్పుడే జిప్పు పళ్లు విడిపోయాయి. కిందికి లాగితే రాదు, పైకి పోదు. రెండు అంచులూ చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని నాలుగు గంటలు నడిచాను. తిరిగొచ్చాక షాపులో అడిగితే "మీరే పాడుచేశారు" అని డిపాజిట్‌లో 1,000 కోసుకున్నారు.

తర్వాత కొన్న జాకెట్ నాలుగు ట్రిప్పులకు వాడాను. ఫ్లీసు, అదే జాకెట్ లోపల వేసుకునే మెత్తటి స్వెటర్ లాంటిది, అయితే లెక్కే లేదు. నంది హిల్స్, అరకు, లంబసింగి, ఆఫీసులో ఏసీ, అన్నిటికీ అదే. అద్దె డబ్బు పోతే పోయిందే. కొన్నది ఇంట్లో ఉంటుంది.

హొరమావు_అమ్మ

తమ్ముడూ, నువ్వు ఒక్కడివి, ఎదిగే వయసు దాటినవాడివి. ఆయనకు ఇద్దరు పిల్లలు. రెండేళ్ల కిందట కశ్మీర్ వెళ్తూ మా పాపకు 3,200 పెట్టి జాకెట్ కొన్నాం. నాలుగు రోజులు వేసుకుంది. మొన్న తీసి తొడిగితే చేతులు మణికట్టు పైకి వచ్చేశాయి. కొత్త జాకెట్, ఒక్క మరక కూడా లేదు, బీరువాలో పడుంది.

పిల్లలవి కొనకండి, అద్దెకూ తేకండి. మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "ఐదేళ్ల బాబుకు చలి జాకెట్ ఎవరి దగ్గరైనా ఉందా" అని ఒక్క మెసేజ్ పెట్టి చూడండి. ఐటీ వాళ్ల అపార్ట్‌మెంట్లలో అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్లు అంతస్తుకు ఒకరు ఉంటారు. వాళ్ల పిల్లలకు చిన్నవైపోయిన జాకెట్లు అటక మీద ఉంటాయి. సిగ్గుపడే పని కాదు ఇది. మన ఊళ్లలో పెళ్లికి బిందెలు, జంపఖానాలు అడిగి తెచ్చుకోలేదా?

వరంగల్_టు_వైట్‌ఫీల్డ్

ఏడు దినాలకు కిరాయి ఎందుకు కడుతున్నరన్నా? మీరు మంచుల ఉండేది మహా అయితే రెండు దినాలు. మిగిలిన దినాలు హోటల్ల, కార్ల, మాల్ రోడ్డు మీద. మనాలి ఊరు 2,050 మీటర్లే. ఎండ ఉంటే పగలు థర్మల్ (ఒంటికి అంటి ఉండే లోపలి వెచ్చటి బట్టలు), స్వెటర్, మామూలు జాకెట్ సరిపోతయి. రాత్రి సున్నా దగ్గరికి, ఒక్కోసారి ఇంకా కిందికి పోతది, కానీ అప్పుడు మీరు రజాయిలో ఉంటరు.

అసలు చలి అటల్ టన్నెల్ దాటినంక. 9 కిలోమీటర్ల సొరంగం, అటు తేలంగనే సిస్సు, 3,100 మీటర్లు. 2020 అక్టోబరుల టన్నెల్ తెరవక ముందు చలికాలంల మనసొంటోళ్లు టన్నెల్ అవతలి లాహౌల్ లోయ దిక్కు పోయే దారే లేకుండె. మనాలి పక్కన మంచు ఆటలాడే సోలంగ్ పోయే తొవ్వల రోడ్డు పొంటి షాపులే షాపులు, నంబర్లు రాసి ఉంటయి. తల నుంచి కాలి దాక ఓవరాల్ సూటు, గమ్ బూట్లు ఇస్తరు. మేం పోయినప్పుడు మనిషికి 300 తీస్కున్నరు. సాయంత్రం ఇచ్చేసి వచ్చినం. విమానంల సంచికి 15 కిలోలే కదా, ఐదుగురి బూట్లు బెంగళూరు నుంచి ఎందుకు మోసుడు?

హొరమావు_అమ్మ

అన్నా, మాకూ అక్కడే అద్దెకు తీసుకున్న అనుభవం ఉంది. డ్రైవరు తనకు తెలిసిన షాపు ముందే ఆపాడు, వేరేచోట ఆపమంటే ఆపలేదు. మేం వెళ్లేసరికి పదకొండు. పొద్దున ఎవరో వేసుకుని విడిచిన సూట్లు లోపల ఇంకా తడిగా ఉన్నాయి. పాపకు ఇచ్చిన గమ్ బూట్లు రెండు సైజులు పెద్దవి. మంచులో రెండో అడుగుకే ఒక బూటు అక్కడే ఉండిపోయింది, సాక్సుతో కాలు మంచులో పెట్టింది. దాని ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. డిసెంబరు చివరి వారం అంటే రద్దీ ఎలా ఉంటుందో మీకు తెలుసు. పిల్లల సైజుల కోసం అక్కడి షాపుల మీద ఆధారపడొద్దు.

చీరాల_డ్రైక్లీనర్

నేను బెంగళూరులో పదకొండేళ్లుగా డ్రైక్లీనింగ్ షాపు నడుపుతున్నాను. అద్దె బట్టల వాళ్లు ఇద్దరు నాకు సరుకు వేస్తారు. కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో సీజను అయిపోయాక వాళ్ల జాకెట్లన్నీ ఉతుక్కి వస్తాయి. డిసెంబరు మొదటి వారం వరకూ మీకు దొరికేది శుభ్రమైన సరుకే. క్రిస్మస్ ముందు వారం మొదలయ్యాక పొద్దున తిరిగొచ్చిన జాకెట్ సాయంత్రం ఇంకొకరి చేతిలో ఉంటుంది. మధ్యలో ఉతకడానికి టైమెక్కడ? ఎండలో వేలాడదీసి సెంటు కొట్టి ఇస్తారు. అందరూ అలా చేస్తారని అనను. చేసేవాళ్లను చూశాను.

డౌన్ జాకెట్ అద్దెకు తీసుకోకండి అంటాను. దాని లోపల ఉండేది ఈక కాదు, బాతు ఈకల కింద ఉండే నూగు. ఆ నూగు పొంగి ఉంటేనే గాలిని పట్టి ఉంచి వెచ్చదనం ఇస్తుంది. మామూలు సబ్బుపొడితో ఉతికితే దానిమీద సహజంగా ఉండే నూనె పోతుంది. తక్కువ వేడి మీద డ్రయ్యర్లో టెన్నిస్ బంతులతో కలిపి రెండు మూడు గంటలు తిప్పితే గానీ ఉండలు విడిపోవు. అంత ఓపిక అద్దె జాకెట్‌కు ఎవరు పెడతారు? పాలియెస్టర్ దూది నింపినవి ఉతుకులకు తట్టుకుంటాయి, కాస్త తడిసినా వెచ్చగానే ఉంటాయి. అద్దెకు అవే తీసుకోండి.

జాకెట్ చేతిలోకి రాగానే ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి చూడండి. గడుల్లో వెలుతురు సూటిగా దూరి వస్తోందంటే లోపలిది ఒక మూలకు పోయి ఉండకట్టింది, అక్కడ మీకు రెండు గుడ్డ పొరలే ఉన్నట్టు. తర్వాత భుజం మీద చెంచాడు నీళ్లు పోయండి. చుక్కలు చుక్కలుగా జారిపోతే పైపూత బతికి ఉంది. గుడ్డ నల్లబడి నీళ్లు పీలిస్తే ఆ జాకెట్ మంచులో గంటకు తడుస్తుంది. షాపువాడు ఏమనుకున్నా సరే, పోసి చూడండి. జిప్పు పదిసార్లు లాగండి. చంకలు వాసన చూడండి. డిపాజిట్ కట్టే ముందు అక్కడే, వాడి ముందే, వీడియో తీసుకోండి. ట్రెక్కు తమ్ముడికి పోయిన 1,000 అలా అయితే పోయేది కాదు.

ట్రెక్కు_పిచ్చి

అన్నగారూ, మీరు చెప్పిందాన్ని గౌరవిస్తాను. కానీ ఇన్ని పరీక్షలు పెట్టి తెచ్చుకోవాలి అంటే అద్దె మీద నమ్మకం లేదనే కదా అర్థం? ఐదుగురికి ఐదు జాకెట్లు, ఇద్దరు పిల్లలతో, శనివారం రద్దీలో ఎవరు పరీక్షిస్తారు?

సిల్క్‌బోర్డు_వాసి

కొన్నది ఇంట్లో ఉంటుంది అన్నారు కదా తమ్ముడూ. ఎలా ఉంటుందో చెబుతాను. 2017లో లేహ్ కోసం 5,500 పెట్టి మంచి బూట్లు కొన్నాను. ఐదు రోజులు వేసుకుని శుభ్రంగా తుడిచి, కాగితాలు కుక్కి, డబ్బాలో పెట్టి అటక ఎక్కించాను. 2023లో ఔలీ వెళ్తూ తీశాను. చూడ్డానికి కొత్తవే. మంచులోకి దిగి ఇరవై నిమిషాలు నడిచానో లేదో, కుడి కాలు కింద మెత్తగా తగిలింది. ఎత్తి చూస్తే బూటు అడుగు ఎండిన రొట్టెలా ముక్కలు ముక్కలుగా రాలుతోంది. ఇంకో పది అడుగులకు మొత్తం ఊడిపోయింది. హోటల్ వాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ సంచి, తాడు కట్టుకుని కిందికి దిగాను.

తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ మెత్తటి అడుగు పాలియురేథేన్. గాలిలోని తేమ దాన్ని లోపలి నుంచి మెల్లగా విడగొడుతుంది. విచిత్రం ఏమిటంటే వాడకుండా ఉంచిన బూట్లే ముందు పోతాయి. రోజూ నడిస్తే ఆ ఒత్తిడికి తేమ కొంత బయటికి పోతుందట. జాకెట్ల లోపలి వాటర్‌ప్రూఫ్ పూతకూ ఇదే జబ్బు, జిగురుగా మారి పొలుసులుగా రాలుతుంది. చెన్నైలో మా అన్నయ్యది అలాగే పోయింది. ఏటా వెళ్లేవాళ్లు కొనండి. ఆరేళ్లకోసారి వెళ్లేవాళ్లకు కొన్నది దాచుకున్నట్టు కాదు, అటక మీద కుళ్లబెట్టుకున్నట్టు.

హోసూరురోడ్డు_డాక్టరమ్మ

ప్రశ్న వేసినవారి భార్య భయం ఉత్తది కాదు, కానీ అతిగా భయపడక్కర్లేదు. గజ్జి పురుగు మనిషి ఒంటి మీద కాకుండా బట్టల్లో రెండు మూడు రోజులకు మించి బతకదు. చేతిలోకి వచ్చిన బట్టల్ని వాడే ముందు గాలి చొరని సంచిలో కట్టి నాలుగు రోజులు పక్కన పెడితే ఆ బెడద పోతుంది. అందుకే నాలుగు రోజులు ముందుగా తెచ్చుకోండి. ఒంటికి నేరుగా తగిలేవి మాత్రం, అంటే థర్మల్స్, సాక్సులు, టోపీ, లోపలి గ్లవ్స్, ఎవరివీ వాడొద్దు. అద్దె బూట్లలో కాలి వేళ్ల మధ్య ఫంగస్ అంటుకునే అవకాశం ఉంది, సాక్సులు రోజూ మార్చండి.

నెల్లూరు_కోడలు

ఇంతమంది ఇన్ని చెప్పారు, అమ్మగారి గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఆమె చీర కట్టుకుంటారా?

మా అత్తయ్యను గుల్‌మార్గ్ తీసుకెళ్లాం. చీర తప్ప ఇంకోటి వేసుకోనన్నారు. లోపల థర్మల్, పైన పొడుగు కోటు, చాలనుకున్నాం. గంట గడిచేసరికి కుచ్చిళ్లు మంచులో తడిశాయి. ఇంకో గంటకు గడ్డకట్టి అట్టలా బిగుసుకుపోయాయి. అడుగు వేస్తుంటే చీలమండలకు గీసుకుని ఎర్రగా కందిపోయింది. నూలు చీర నీళ్లు పీల్చిందంటే ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. గాలి కంటే నీరు పాతిక రెట్లు త్వరగా వేడిని లాగుతుంది మరి. ఊళ్లో తిరిగే రోజుల్లో చీర కట్టుకోనివ్వండి, లంగా లోపల థర్మల్ ప్యాంటు వేస్తే హాయిగా ఉంటుంది. మంచులోకి వెళ్లే ఆ ఒక్క రోజు పంజాబీ డ్రెస్సుకు ఒప్పించండి, దాని మీదైతే స్నో ప్యాంటు పడుతుంది. చీర మీద ఏ ఓవరాలూ ఎక్కదు.

ఇంకోటి, మెట్టెలు. మా అత్తయ్య తీయనన్నారు, మేమూ బలవంతపెట్టలేదు. కానీ అద్దె బూటు ముందుభాగం ఇరుకు. మెట్టెలు పక్క వేలికి నొక్కుకుని సాయంత్రానికి పుండు పడింది. బూటు బిగుతైతే రక్తం ఆడదు, కాలు ఇంకా చల్లబడుతుంది. మిగతావి ఏం చేసినా అమ్మగారి బూట్లు మాత్రం కొనండి. వెడల్పుగా, ఒక సైజు ఎక్కువ.

వరంగల్_టు_వైట్‌ఫీల్డ్

అక్కా, మీరు చెప్పింది నా మనసుకు తాకింది. మా అమ్మను తీస్కపోలే, అందుకే నాకు ఈ ముచ్చట తెల్వలే. పెద్దోళ్లకు, పిల్లలకు అక్కడి షాపులు వద్దు, ఒప్పుకుంటున్న. కానీ వయసులో ఉన్నోళ్లకు రెండు దినాల కోసం ఏడు దినాల కిరాయి దండుగ అన్న మాట మీద నేను ఇంకా ఉన్న.

మారతహళ్లి_అనంతపురం

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. నిన్న ఆదివారం మొత్తం దీని మీదే తిరిగాం.

థర్మల్స్, సాక్సులు, టోపీలు అందరికీ కొన్నాం. బాబుకు జాకెట్ మా పై అంతస్తు వాళ్లిచ్చారు, హొరమావు అక్క చెప్పినట్టే మెసేజ్ పెట్టిన పది నిమిషాల్లో ముగ్గురు పలికారు. పాపకు కొన్నాం, ఒక సైజు పెద్దది. పెద్దవాళ్లకు మూడు జాకెట్లు, మూడు ప్యాంట్లు 4,200కు అద్దెకు మాట్లాడాను, ప్రయాణానికి నాలుగు రోజుల ముందు తెచ్చుకుంటాను. చీరాల అన్న చెప్పినట్టు షాపులో చెంచాతో నీళ్లు పోశాను. మొదటి రెండు జాకెట్లు పీల్చేశాయి. షాపు కుర్రాడు ఏమీ అనకుండా లోపలికి వెళ్లి వేరే కట్ట విప్పి తెచ్చాడు. వాటి మీద నీళ్లు జారాయి, వాటికే మా పేరు రాయించాను. డౌన్ తీసుకోలేదు. మా ముగ్గురి బూట్లు, నావీ నా భార్యవీ పాపవీ, ఇంకా తేలలేదు. ఆమె ఇప్పటికీ కొందామనే అంటోంది. సిల్క్‌బోర్డు అన్న రాసింది చదివి వినిపిస్తే, "అయితే ఏటా వెళ్దాం" అంది.

అమ్మకు బూట్లు కొన్నాం. జీవితంలో మొదటిసారి బూట్లు తొడిగింది. వెడల్పుగా ఉన్నవి, ఉన్ని సాక్సు వేసినా మెట్టెలు నొక్కడం లేదు. అలవాటు కావాలని రోజూ సాయంత్రం చీర కాస్త ఎత్తి దోపుకుని వాటితో మూడంతస్తుల మెట్లు ఎక్కి దిగుతోంది. దిగేటప్పుడు మడమ కొంచెం లేస్తోందంటోంది. లేసు ఎలా కట్టాలో ఎవరైనా చెప్పండి.

ట్రెక్కు_పిచ్చి

అన్నా, బూటుకు పైచివర, చీలమండ దగ్గర, ఒక్కో వైపు ఒక కన్నం మిగుల్తుంది చూడండి. చాలామంది వాటిని వదిలేస్తారు. లేసును అదే వైపు పై కన్నంలోకి దూర్చి చిన్న ఉచ్చులా ఉంచండి, అవతలి లేసును ఆ ఉచ్చులోంచి లాగి బిగించండి. మడమ కదలదు, వేళ్ల దగ్గర మాత్రం వదులుగానే ఉంటుంది. అమ్మగారికి కూర్చోబెట్టి మీరే కట్టండి, మొదటి రెండు రోజులు.