టీఎస్‌హెచ్ 6.8, టీ4 నార్మల్: మాత్ర మొదలుపెట్టాలా, ఆగాలా?

పద్మజ_నరసరావుపేట:
నమస్తే అండీ. నా వయసు 41. ఆఫీసు తరఫున హెల్త్ చెకప్ చేయిస్తే థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ ఎక్కువగా, 6.8 వచ్చింది, ఫ్రీ టీ4 నార్మల్. ఒక డాక్టరు గారు థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) 25 మైక్రోగ్రాములు రాసి, జీవితాంతం వాడాల్సిందే అన్నారు. ఇంకొకరేమో ఇప్పుడే వద్దు, రెండు మూడు నెలలాగి మళ్లీ చూద్దాం అన్నారు. నీరసం, జుట్టు ఊడటం ఉన్నాయి. మా ఆడపడుచు క్యాబేజీ కూడా మానేయమంటోంది. ఎవరి మాట వినాలో తెలియట్లేదు.

వేణు_ఖమ్మం:
ఆగమనే నేనూ అంటాను. టీఎస్‌హెచ్‌ని థైరాయిడ్ తయారు చేయదండీ. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్ చేత పని చేయించడానికి పంపే హార్మోన్ అది. పిట్యూటరీని మేస్త్రీ అనుకోండి, థైరాయిడ్‌ని కూలీ అనుకోండి. మీ రిపోర్టులో మేస్త్రీ గొంతు పెరిగింది, పని మాత్రం ఆగలేదు. థైరాయిడ్ తయారు చేసే హార్మోనే టీ4, అది నార్మల్ అంటే పని జరుగుతున్నట్టే కదా. టీ4 రవ్వంత తగ్గినా టీఎస్‌హెచ్ రెట్లకు రెట్లు ఎగురుతుంది, అందుకే ఆ అంకె అంత భయపెడుతుంది.

ట్రస్ట్ అని యూరప్‌లో ఒక పెద్ద ట్రయల్ జరిగింది, ఫలితాలు 2017లో వచ్చాయి. ఇలాంటి రిపోర్టులే ఉన్న 737 మందిలో సుమారు సగం మందికి థైరాక్సిన్, మిగతావాళ్లకు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏడాదికి మందు వాడినవాళ్ల టీఎస్‌హెచ్ సగటున 6.4 నుంచి 3.6కి దిగింది. నీరసంలో మాత్రం రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2019లో బీఎంజే పత్రికలో అంతర్జాతీయ బృందం ఇచ్చిన సూచన కూడా ఇలాంటివాళ్లలో ఎక్కువ మందికి మందు వద్దనే.

సుభాషిణి_హైదరాబాద్:
వేణు గారూ, ట్రస్ట్ గురించి అసలు సంగతి వదిలేశారు. అందులో అందరూ 65 దాటినవాళ్లు, సగటు వయసు 74. పెద్ద వయసులో టీఎస్‌హెచ్ కాస్త పెరగడం మామూలే. ఆ ఫలితం తెచ్చి 41 ఏళ్ల మనిషికి అంటగడితే ఎలా? యూరప్ థైరాయిడ్ సంఘం 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి. వయసు తక్కువై, లక్షణాలుంటే, టీఎస్‌హెచ్ 10 లోపు ఉన్నా మందు వాడి చూడొచ్చని అందులోనే ఉంది. మూడు నాలుగు నెలల్లో గుణం కనిపించకపోతే ఆపేయమనీ ఉంది.

ఇక మీ మేస్త్రీ. అంత గట్టిగా అరిస్తే తప్ప పని సాగట్లేదంటే ఆ కూలీ ఎన్నాళ్లు లాగుతాడు? అది తేల్చేది యాంటీ టీపీఓ పరీక్ష, అంటే మన ఒళ్లే థైరాయిడ్‌కి వ్యతిరేకంగా తయారు చేసే యాంటీబాడీలు ఉన్నాయా అని చూసేది. ఇంగ్లండ్‌లో విక్‌హామ్ అనే చోట 20 ఏళ్లు జనాన్ని గమనించారు. టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉండి యాంటీబాడీలు కూడా ఉన్న ఆడవాళ్లలో ఏటా 4.3 శాతం మందికి థైరాయిడ్ పూర్తిగా మందగించింది. యాంటీబాడీలు లేకపోతే 2.6 శాతం. పద్మజ గారూ, మీరు ఆ పరీక్ష చేయించారా? పిల్లల్ని కనే ఆలోచన ఏమైనా ఉందా? ఉంటే ఈ చర్చంతా పక్కన పెట్టి రేపే డాక్టరు దగ్గరికి వెళ్లండి, గర్భం విషయంలో లెక్కలు వేరు.

పద్మజ_నరసరావుపేట:
ఇద్దరు పిల్లలు, ఇక ఆలోచన లేదండీ. యాంటీ టీపీఓ ఎవరూ రాయలేదు.

సహజ_జీవనం:
ఇవన్నీ ఎందుకండీ, అయోడిన్ ఉప్పు మానేసి సైంధవ లవణం వాడండి చాలు.

సుభాషిణి_హైదరాబాద్:
దయచేసి ఆ సలహాలు వద్దు. సైంధవ లవణంలో మనకు సరిపడా అయోడిన్ ఉండదు. టీ4 తయారీకి అయోడిన్ కావాలి, అందుకే కదా ఉప్పులో కలుపుతున్నది. క్యాబేజీ అంటారా, ఉడికించిన కూర మామూలుగా తింటే ఏమీ కాదు. మీ ఆడపడుచుకి చెప్పండి.

వేణు_ఖమ్మం:
యాంటీ టీపీఓ చేయించాలనడంలో నాకు పేచీ లేదు. 2.6 శాతమంటే ఏడాదిలో వందకి 97 మంది ఉన్నచోటే ఉన్నారని కూడా అర్థం. నా గొడవంతా ఆ "జీవితాంతం" అన్న మాట మీదే. ఒక్క రిపోర్టు చూసి జీవితాంతమని ఎలా రాస్తారు? వైరల్ జ్వరం వచ్చి తగ్గాక కూడా టీఎస్‌హెచ్ కొన్నాళ్లు పెరిగి తనంతట తనే దిగుతుంది. మందు మోతాదు మించితే గుండె లయ తప్పడం, ఎముకలు పలచబడటం ఉంటాయి. నీరసమంటారా, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏపీ, తెలంగాణ రెండింట్లోనూ 15–49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి మించి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూడకుండా తప్పంతా థైరాయిడ్ మీదికి నెట్టేస్తున్నాం.

ల్యాబ్_శేఖర్:
నేను ల్యాబ్‌లో పని చేస్తాను. మందు సంగతి డాక్టర్లు తేల్చుకుంటారు, శాంపిల్ సంగతి నేను చెబుతా. టీఎస్‌హెచ్ రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది, మధ్యాహ్నానికి తగ్గుతుంది. పొద్దున ఏడింటికి ఒకచోట, సాయంత్రం ఇంకోచోట ఇచ్చి రెండు అంకెలు పోల్చుకోకండి. అదే ల్యాబ్, అదే సమయం. మేడమ్, జుట్టు కోసం ఏవైనా మాత్రలు వాడుతున్నారా?

పద్మజ_నరసరావుపేట:
వాడుతున్నానండీ, బయోటిన్ అనే విటమిన్ మాత్ర. బ్యూటీ పార్లర్‌లో చెబితే కొన్నాను. చెకప్ రోజు పొద్దున కూడా వేసుకున్నా.

ల్యాబ్_శేఖర్:
అయితే ఆ రిపోర్టుని నమ్మలేం. చాలా మెషీన్లలో పరీక్ష పద్ధతే బయోటిన్ మీద నడుస్తుంది. ఒంట్లో అది ఎక్కువగా ఉంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, ఫ్రీ టీ4 ఎక్కువగా చూపించొచ్చు. అసలు టీఎస్‌హెచ్ 6.8 కంటే ఎక్కువే ఉండొచ్చు, నార్మల్ అనుకుంటున్న టీ4 తక్కువే కావచ్చు.

సుభాషిణి_హైదరాబాద్:
వేణు గారూ, విన్నారా? మీ వాదనంతా ఆ నార్మల్ టీ4 మీదే నిలబడింది.

వేణు_ఖమ్మం:
విన్నానండీ. మీ మాత్ర కూడా అదే రిపోర్టు మీద రాసిందే మరి. మళ్లీ చేయించకుండా మొదలుపెట్టమంటారా?

సుభాషిణి_హైదరాబాద్:
అననండి. కానీ మూడు నెలలు ఆగమని కూడా అనను. టీ4 నిజంగానే తక్కువుంటే ఇది వేచి చూసే వ్యవహారమే కాదు.

పద్మజ_నరసరావుపేట:
శేఖర్ గారూ, బయోటిన్ ఎన్ని రోజులు ఆపాలి?

ల్యాబ్_శేఖర్:
మాత్రలో మోతాదు ఎంతుందో డబ్బా మీద చూసి డాక్టరుకి చెప్పండి. మామూలుగా కనీసం రెండు రోజులు ఆపమంటారు, మోతాదు ఎక్కువైతే ఇంకొన్ని రోజులు. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, యాంటీ టీపీఓ మూడూ ఒకే శాంపిల్‌లో ఇవ్వండి. ఐరన్ పరీక్షలు కూడా అందులోనే అయిపోతాయి, రెండోసారి సూది గుచ్చుకోనక్కర్లేదు.