అప్‌డేట్: దొడ్డమ్మకి చేతినిండా పని దొరికింది

ఒడిశాలోని పర్లాకిమిడిలో మతి తప్పిన మా దొడ్డమ్మ ఉండే చిన్న పెద్దవాళ్ల హోమ్‌లో అందరినీ పొద్దస్తమానం టీవీ ముందు కూర్చోబెడుతున్నారు, ఏం చేయించాలి అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ఆటలు కాదు, ఇంటి పని ఇవ్వమనండి అని ఒకరు చెప్పారు, అదే పనిచేసింది. నెదర్లాండ్స్‌లో 2009లో మొదలైన హోగెవేక్ అనే ఊరిలాంటి హోమ్‌లో డిమెన్షియా (మతి తప్పే జబ్బు) ఉన్నవాళ్లు కూడా వంటలో చెయ్యి వేస్తారని చెబితే హోమ్ నడిపే మేడమ్ సరేనన్నారు.

ఇప్పుడు దొడ్డమ్మ చింతపండు ఒలుస్తోంది. నన్ను మా అమ్మ పేరుతో పిలుస్తుంది గానీ వేళ్లు మాత్రం తడబడవు, ఈనె లాగి గింజ ఒక పక్కకి, పీచు ఒక పక్కకి టకటకా వేసేస్తుంది. మతి తప్పినా చేతికి అలవాటైన పని చాలాకాలం నిలుస్తుందట. పక్క మంచం ఒడియా ఆవిడతో కలిసి మినప వడియాలు కూడా పెడుతోంది, పిండి పలచనైందని ఎవరి భాషలో వాళ్లు పోట్లాడుకుంటారు, చూడాలి ఆ సంబరం! కత్తిపీట మాత్రం ఇవ్వరు, అది న్యాయమే.

మగవాళ్ల సంగతే తేలలేదు. ఒకాయన పేపర్ పైకి చదువుతున్నారు, మిగతావాళ్లని మొక్కలకి నీళ్లు పోయమంటే మేమేమన్నా పనివాళ్లమా అంటున్నారు. వీళ్లకేం ఇవ్వొచ్చో చెప్పండి.