అప్‌డేట్: నాన్నగారి పాత జీపు అమ్ముడుపోయింది

నల్లగొండలో మా ఇంటి వెనక చింతచెట్టు కింద ఏళ్లుగా పడి ఉన్న నాన్నగారి 1968 నాటి మహీంద్రా సీజే-3బీ జీపును బాగుచేయించి అమ్మాలా, ఉన్నది ఉన్నట్టే అమ్మాలా అని అడిగాను కదా. బాగుచేయించాను. మీరు చెప్పినట్టు ముందు ఆర్‌సీ తీసి ఇంజిన్ నంబరు సరిచూశాను. ఎప్పుడో మార్చిన డీజిల్ ఇంజిన్ అందులో నమోదై ఉంది, బతికిపోయాను. వింటేజ్ రిజిస్ట్రేషన్ (పాతకాలపు బళ్లకిచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషన్) ఆశ మాత్రం వదులుకున్నాను. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటితే చాలదు, బండి అసలు రూపంలోనే ఉండాలి.

డ్రైవరు కాళ్ల దగ్గర రేకును గీకుతుంటే తుప్పు రాలి నేల కనిపించింది. రంగు పొరలు చూస్తే పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, అన్నిటికంటే అడుగున మళ్లీ ఆకుపచ్చ! ఆ అడుగు రంగే వేయించాను. ముందు చక్రాలను కూడా ఇంజిన్‌తో తిప్పించే ఫోర్‌వీల్ లివరు రెండు రోజులు సతాయించింది. గేరు పెట్టె విప్పితే నూనె బదులు నల్లటి జిగురు. ఖర్చు అనుకున్నదానికి రెట్టింపయింది (మా ఆవిడకు ఇంకా చెప్పలేదు).

ఫిట్‌నెస్ చేయించి, రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకు పొడిగించుకున్నాక దేవరకొండ వైపు బత్తాయి రైతు ఒకాయన వచ్చారు. జీపును తడి దుక్కిలోకి దింపి, ముందు చక్రాలు కూడా పట్టు అందుకోవడం చూశాకే బేరమాడారు. బండిని ఆయన పేరు మీదికి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాయి. అంత మోజుగా వేయించిన రంగు వైపు ఆయన కన్నెత్తి కూడా చూడలేదు.