అకరణీయం: ఆ 'అ' ఎక్కడిది?

బైరాగిపట్టెడ, తిరుపతి నుంచి:
మా పాప తొమ్మిదో తరగతి. పుస్తకం ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. ఒకవైపు 'అకరణీయ సంఖ్యలు' అని, దానికి సరిగ్గా ఎదురుగా 'రేషనల్ నంబర్స్' అని ఉంది. అచ్చుతప్పేమోనని టెన్షన్ పడి నా దగ్గరికి తెచ్చింది. న్యాయం–అన్యాయం, సత్యం–అసత్యం లాగా 'అ' వస్తే లేదని, కాదని కదా అర్థం? మరి 'ఇర్రేషనల్'కి కరణీయం, 'రేషనల్'కి అకరణీయం ఎట్లా అయింది? నిఘంటువులో చూస్తే కరణీయం అంటే 'చేయదగినది' అని ఉంది. దాంతో ఇంకా తికమక. భిన్నంగా రాయగలిగేదే కదా చేయదగినది?

కుప్పం నుంచి:
అచ్చుతప్పు కాదమ్మా, మన పాఠాల్లో అంతే. కానీ పాప అనుమానం సబబే. మా పక్కనే కన్నడం మీడియంలో రేషనల్‌ని 'భాగలబ్ధ', ఇర్రేషనల్‌ని 'అభాగలబ్ధ' అంటారు. భాగిస్తే వచ్చేది, రానిది. అర్థం పేరులోనే దొరుకుతుంది.

నగరి నుంచి:
తమిళంలో కూడా 'విగిదముఱు', 'విగిదముఱా'. విగిదం అంటే నిష్పత్తి. హిందీలో పరిమేయ, అపరిమేయ. చుట్టూ అందరిదీ ఒక దారి, మనదొక్కటే ఇంకో దారి. ఈ అనువాదం ఎవరు చేసినారో గానీ నిద్రమత్తులో చేసినట్టుండాది.

సంస్కృత విద్యాపీఠం పాత విద్యార్థి:
నిద్రమత్తు కాదు సామీ. ఇంగ్లిష్ మాటను పక్కన పెట్టుకుని చూస్తే ఇది అర్థం కాదు. ఇక్కడ పట్టుకోవాల్సింది 'చేయదగినది' అనే అర్థం కాదు, 'కరణి' అనే గణిత పదం.

శుల్బసూత్రాలంటే యజ్ఞవేదికల కొలతలు చెప్పే పాత సంస్కృత గ్రంథాలు. ఆ కాలంలో వేదికలను తాళ్లతో కొలిచి కట్టేవారు. ఒక చదరానికి రెట్టింపు వైశాల్యమున్న చదరం కావాలంటే మొదటిదాని కర్ణాన్ని భుజంగా తీసుకోవాలి. ఆ తాడు 'ద్వికరణి', అంటే రెట్టింపు చేసేది. భుజం 1 అయితే దాని పొడవు √2. మూడింతలకు 'త్రికరణి', √3. √2కి ఆ సూత్రకారుల్లో ఒకడైన బౌధాయనుడు ఇచ్చిన లెక్క చూడండి: 1 + 1/3 + 1/(3×4) − 1/(3×4×34). మొత్తం కలిపితే 577/408, అంటే 1.414215... అసలు విలువ 1.414213... తాళ్లు పట్టుకుని కొలిచేవాళ్లకు అయిదు దశాంశ స్థానాలు ఎందుకు కావలసి వచ్చాయో!

తర్వాతి గణితకారులు వర్గమూలం కచ్చితంగా తేలని సంఖ్యను కరణి అన్నారు. భాస్కరాచార్యుడు 1150లో రాసిన బీజగణితంలో కరణుల కూడిక, తీసివేత, గుణకారం విడిగా చెప్పాడు. అప్పటికి √ గుర్తు లేదు. అది 1525లో జర్మన్ భాషలో వచ్చిన రుడాల్ఫ్ పుస్తకంలో కనబడుతుంది. మనవాళ్లు సంఖ్య ముందు 'క' పెట్టేవారు. క 2 అంటే √2. దీర్ఘమిచ్చి 'కా' అంటే మాత్రం వేరు, అది కాలకం, రెండో అవ్యక్త రాశి. మొదటిది 'యా', యావత్తావత్. ఇప్పటి ఎక్స్, వై అనుకోండి.

కరణి ఉన్నది కరణీయం, లేనిది అకరణీయం. 'అ' ఉండాల్సిన చోటే ఉంది.

బైరాగిపట్టెడ నుంచి:
ఇప్పుడు దారి దొరికింది. ఇంకొకటి. 'రేషనల్' అంటే తర్కం ఉన్న సంఖ్య అంటోంది పాప.

కుప్పం నుంచి:
అందులో ఉన్నది రేషియో అమ్మా, తర్కం కాదు. ఆ సమితికి గుర్తు ఆర్ కాకుండా క్యూ ఎందుకని కూడా అడుగుతుంది చూడండి. ఆర్ రియల్ నంబర్లకు పోయింది, క్యూ కోషెంట్‌లోది. కోషెంట్ అంటే భాగఫలం.

నగరి నుంచి:
కరణి సంగతి బాగుంది, నిద్రమత్తు మాట వెనక్కి తీసుకుంటా. మరి పై (π) సంగతేంది? అది ఇర్రేషనల్ అని లాంబర్ట్ 1761లో చూపించాడు. పూర్ణాంక గుణకాలున్న ఏ బహుపదికీ అది మూలం కాదని 1882లో లిండెమన్ తేల్చాడు. అంటే వర్గమూలాలతో దానికి చుట్టరికమే లేదు. అట్లాంటి పైని 'కరణీయం' అనడం ఏం న్యాయం? విగిదముఱా అయితే దానికీ సరిపోతుంది.

సంస్కృత విద్యాపీఠం పాత విద్యార్థి:
న్యాయమైన ప్రశ్నే. మూలాల కోసం పుట్టిన పేరును సాగదీశారు. 'జ్యా' అంటే వింటి తాడు, త్రికోణమితిలోని 'సైన్' దాన్నుంచి వచ్చిందే. ఇవాళ తరంగాల లెక్కలో విల్లెక్కడుంది? అయినా వాడుతూనే ఉన్నాం.

చిత్తూరు ట్యూషన్ మాస్టారు:
పేరు సంగతి ఎట్లున్నా పిల్లలు మార్కులు పోగొట్టుకునేది వేరేచోట. √ కనబడితే చాలు కరణీయం అని రాసేస్తారు. √9 అంటే 3, అందులో కరణి ఏముంది? 0.333... ఆగదు కాబట్టి కరణీయం అంటారు. అది 1/3. అంకెలు ఆవృతం కాకుండా ఆగకుండా పోతేనే కరణీయం. ఇక పై = 22/7 అని చిన్న తరగతుల్లో నేర్పించేసి వదిలేస్తాం, తొమ్మిదికి వచ్చాక పై అకరణీయమని వాదిస్తారు. 22/7 అకరణీయమే, పై కాదు. ముందు ఈ మూడూ పాప చేత చేయించండి, 'అ' గొడవ తర్వాత.

నగరి నుంచి:
సరే మాస్టారూ. కొత్త పేరు పెట్టే రోజొస్తే మాత్రం నా ఓటు నిష్పత్తికే.

కుప్పం నుంచి:
ఏమని పెడతావన్నా, 'నైష్పత్తికం' అనా? పిల్లలకు నోరు తిరగద్దా!